గేటు లోపల ఎందరు, ఎన్నాళ్లు? ఉత్తరాంధ్ర ఫ్యాక్టరీ ఉపాధి అంకెలను చదివే తీరు

ఒక జూట్ మిల్లు అనుకుందాం. వెయ్యి మంది కార్మికులు. నిరుడు 300 రోజులు నడిచింది. ఈ ఏడాది నార దొరక్క కొన్నాళ్లు, ఆర్డర్లు లేక కొన్నాళ్లు, బకాయిల గొడవతో కొన్నాళ్లు గేటు మూసేశారు. మొత్తమ్మీద 150 రోజులే నడిచింది. కార్మికుడి ఇంట్లో సగం జీతం పోయింది. కిరాణా కొట్లో ఖాతా పెరిగింది. కొందరు విశాఖకో, చెన్నైకో కూలికి వెళ్లి, మిల్లు తెరుస్తున్నారని ఫోనొస్తే తిరిగొచ్చారు. మరి ఫ్యాక్టరీల ఉపాధికి దేశమంతా ఆధారంగా తీసుకునే వార్షిక పరిశ్రమల సర్వేలో ఈ మిల్లు ఎంతమందికి పని ఇచ్చినట్టు కనబడుతుంది? నిరుడు వెయ్యి మందికి. ఈ ఏడాదీ వెయ్యి మందికే.

మిల్లు వాళ్లు అబద్ధం చెప్పలేదు, సర్వే వాళ్లు తప్పు చేయలేదు. లెక్క కట్టే పద్ధతే అది. ఒక మనిషి ఒక రోజు చేసిన పని ఒక పని దినం. ఏడాదిలో జరిగిన మొత్తం పని దినాలను ఫ్యాక్టరీ పనిచేసిన రోజులతో భాగిస్తారు. మూడు లక్షల పని దినాలను 300తో భాగిస్తే వెయ్యి వస్తుంది. లక్షా 50 వేలను 150తో భాగించినా వెయ్యే వస్తుంది. గేటు తెరిచి ఉన్న రోజున లోపల సగటున ఎంతమంది ఉన్నారన్నదే ఈ అంకె చెబుతుంది. గేటు ఎన్నాళ్లు తెరిచి ఉందన్న సంగతి అందులో లేదు. అది కావాలంటే అదే సర్వే పట్టికల్లో పక్కన ఉండే పని దినాల వరుస చూడాలి. పత్రికల్లో, అసెంబ్లీలో, ఎన్నికల సభల్లో వినిపించేది మాత్రం మొదటి అంకె.

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలకు ఈ తేడా చాలా ముఖ్యం. ఇక్కడ పరిశ్రమ అంటే మొదటినుంచీ ఆగుతూ, సాగుతూ నడిచేదే. నెల్లిమర్ల, బొబ్బిలి, రాజాం, సాలూరు దగ్గరి జీగిరాం జూట్ మిల్లులు నార మీద, గోనె సంచుల ఆర్డర్ల మీద ఆధారపడ్డవి. చక్కెర ఫ్యాక్టరీ చెరకు ఆడే మూడు నాలుగు నెలలే నిండుగా ఉంటుంది. గరివిడి, బొబ్బిలి వైపు ఫెర్రో ఎల్లాయ్స్ (ఉక్కు తయారీలో వాడే ఇనుప మిశ్రమాలు) ఫర్నేసులకు కరెంటు రేటే ప్రాణం. పలాస, కాశీబుగ్గల్లో జీడి ఫ్యాక్టరీకి పిక్కలు రావాలి. ఇటుక బట్టీకి వాన రాకూడదు. ఇలాంటి చోట మనుషులను లెక్కపెట్టి ఉపాధి బాగుందని చెప్పడం, పొయ్యి ఎన్ని పూటలు వెలిగిందో చూడకుండా ఇంట్లో ఎన్ని గిన్నెలున్నాయో లెక్కపెట్టడం లాంటిది.

అసలు ఉపాధి లెక్కల్లో వాడే ‘వస్తువులు తయారు చేసే రంగాలు’ అన్న మాటలో ఏమేం వస్తాయో ముందు తేల్చుకోవాలి. అమెరికాలో ప్రతి రాష్ట్రానికీ ఈ పేరుతో నెలనెలా ఒక అంకె విడుదలవుతుంది. గనులు, కలప ఒక భాగం, నిర్మాణం ఒక భాగం, తయారీ ఒక భాగం. నెలలో 12వ తేదీ ఏ జీతాల గడువులో పడుతుందో ఆ గడువులో ఎంతమంది జీతం పట్టిక మీద ఉన్నారని సంస్థలను అడుగుతారు. అడిగేది జీతం ఇచ్చేవాళ్లను కాబట్టి పని ఎక్కడ జరుగుతోందో తెలుస్తుంది. ఏడాదికోసారి నిరుద్యోగ బీమా రికార్డులతో సరిచూసి, తేడా ఉంటే పాత అంకెలను కూడా దిద్దుతారు.

మన దగ్గర అలాంటి ఒకే అంకె లేదు. పరిశ్రమల జాతీయ వర్గీకరణలో గనులు, క్వారీలు ఒక విభాగం. తయారీ మరొకటి. కరెంటు, నీటి సరఫరా వేరు. నిర్మాణం వేరు. జూట్ మిల్లు, పొందూరు ఖద్దరు రెండూ వస్త్రాల కింద 13వ నంబరులోకే వస్తాయి. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీలు 21 కిందకు, ఫెర్రో ఎల్లాయ్స్ 24 కిందకు. ఒక్కో నంబరులో ఉన్న పనిని ఒక్కో సర్వే ఒక్కో వైపు నుంచి పట్టుకుంటుంది. ఏ సర్వేకు ఏది కనిపిస్తుందో, ఏది కనిపించదో తెలిస్తేనే అంకె అర్థమవుతుంది.

వార్షిక పరిశ్రమల సర్వే ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన యూనిట్లను చూస్తుంది. 1948 నాటి ఆ చట్టం ప్రకారం కరెంటుతో నడిచే చోట పదిమంది, కరెంటు లేని చోట ఇరవైమంది ఉంటే అది ఫ్యాక్టరీ. పెద్ద ఫ్యాక్టరీలన్నిటి నుంచీ, చిన్నవాటిలో కొన్నిటి నుంచీ లెక్కలు తీసుకుంటారు. వివరాలు చాలా లోతుగా ఉంటాయి. నేరుగా పెట్టుకున్న కార్మికులు ఎందరు, కాంట్రాక్టరు ద్వారా వచ్చినవాళ్లు ఎందరు, ఆడవాళ్లు ఎందరు, జీతాలకు ఎంత ఖర్చయింది, పని దినాలు ఎన్ని, అన్నీ దొరుకుతాయి. లోపం ఆలస్యం. 2023-24 సంవత్సరం ఫలితాలు 2025 ఆగస్టులో వచ్చాయి. మిల్లు మూతపడ్డ సంగతి ఈ పట్టికలో కనబడేసరికి ఆ కార్మికుడి కొడుకు ఇంటర్ అయిపోయి ఊరు దాటి ఉంటాడు.

పదిమంది కంటే తక్కువున్న యూనిట్ల కోసం ఇంకో సర్వే ఉంది. కంపెనీగా నమోదు కాని చిన్న సంస్థల వార్షిక సర్వే అది. 2023 అక్టోబరు నుంచి 2024 సెప్టెంబరు వరకు జరిగిన సర్వేలో దేశం మొత్తమ్మీద ఇలాంటి సంస్థలు 7.34 కోట్లు, వాటిలో పనిచేసేవాళ్లు 12.06 కోట్లు అని తేలింది. తయారీతో పాటు వ్యాపారం, సేవలు కూడా ఈ లెక్కలో ఉన్నాయి. నిర్మాణం లేదు. పలాస వీధుల్లో షెడ్డు వేసుకుని నడిపే జీడి యూనిట్లు, ఊళ్లలో పిండి మరలు, వెల్డింగ్ షాపులు, బుడితి ఇత్తడి పని, బొబ్బిలి వీణలు చేసే గొల్లపల్లి ఇళ్లు, అన్నీ ఈ సర్వేకే కనబడాలి.

ఈ రెండు సర్వేల మధ్య గోడ పదిమంది దగ్గర ఉంది. తొమ్మిది మందితో నడిచే షెడ్డులో ఇంకో ఇద్దరు చేరి, అది ఫ్యాక్టరీగా నమోదైతే పెద్ద సర్వేలో పదకొండు మంది కొత్తగా కనబడతారు, చిన్న సర్వేలో తొమ్మిది మంది మాయమవుతారు. ఊళ్లో నిజంగా పెరిగింది ఇద్దరే. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లలో ఒకటి ఈ గోడను కరెంటుంటే ఇరవైకి, లేకపోతే నలభైకి జరిపింది. సర్వే జాబితాలు కూడా అలాగే జరిగితే, పదిహేను మందితో నడిచే షెడ్డులో ఒక్కరి పని కూడా పోకుండానే ‘ఫ్యాక్టరీ ఉపాధి తగ్గింది’ అనే వార్త రావచ్చు. అటుపైన వచ్చే అంకెలను పాతవాటితో పోల్చే ముందు ఈ ఒక్క సంగతి చూసుకుని తీరాలి.

మూడోది ఇంటింటికీ వెళ్లి అడిగే కార్మిక బల సర్వే. 2017లో మొదలైంది. ఇక్కడ ఫ్యాక్టరీని అడగరు, మనిషిని అడుగుతారు. అందుకే మిల్లు కార్మికుడు, మేస్త్రీ, ఇంట్లో కూర్చుని పప్పు తొక్క తీసే ఆమె, అందరూ ఇందులో పడే వీలుంది. నిర్మాణ రంగానికైతే ఆధారపడదగ్గ సర్వే ఇదొక్కటే. 2023-24లో దేశంలో పనిచేసేవాళ్లలో 46.1 శాతం వ్యవసాయంలో, 11.4 శాతం తయారీలో, 12 శాతం నిర్మాణంలో ఉన్నారని తేల్చింది. అంటే ఫ్యాక్టరీలన్నీ, చిన్న షెడ్లన్నీ కలిపినదానికంటే ఇటుకా సిమెంటూ మోసే పనే పెద్దది. శ్రీకాకుళం బస్టాండులో రాత్రి హైదరాబాద్ బస్సుల దగ్గర బ్యాగులు పట్టుకుని నిలబడే కుర్రాళ్లను చూసినవాళ్లకు ఈ అంకె ఆశ్చర్యం కలిగించదు.

ఈ సర్వే కూడా పనిని రెండు రకాలుగా కొలుస్తుంది. ఒకటి ఏడాది మొత్తమ్మీద చూసేది. ఎక్కువ కాలం ఏ పనిలో ఉన్నారన్నది మొదట అడుగుతారు. దానికి తోడు ఏడాదిలో కనీసం 30 రోజులు చేసిన పనిని కూడా ఉపాధిగానే లెక్కిస్తారు. రెండోది గత వారం లెక్క. ఏడు రోజుల్లో కనీసం ఒక గంట పనిచేసినా ఆ వారానికి పనిలో ఉన్నట్టే. చక్కెర ఫ్యాక్టరీలో సీజనుకు నలభై రోజులు పనిచేసి, మిగతా ఏడాదంతా పని వెతుక్కుంటూ గడిపిన మనిషి మొదటి లెక్కలో ఉపాధి ఉన్నవాడు. వారం లెక్కలో మాత్రం సర్వే మనిషి ఏ నెలలో తలుపు తట్టాడన్నదాన్ని బట్టి మారిపోతాడు. ఏడాది లెక్కకూ వారం లెక్కకూ మధ్య ఎంత దూరం ఉంటే ఆ ప్రాంతంలో పని అంత తెగుతూ సాగుతోందని అర్థం. ఉత్తరాంధ్ర లాంటి చోట ఏ ఒక్క అంకె కంటే కూడా ఈ దూరమే ఎక్కువ చెబుతుంది.

2025 జనవరి నుంచి ఈ సర్వే పద్ధతి మారింది. ఎంపిక చేసిన చోట 8 ఇళ్లకు బదులు 12 ఇళ్లను అడుగుతున్నారు. నమూనా తీయడంలో జిల్లాను మూల యూనిట్‌గా పెట్టారు. నెలనెలా ఫలితాలు కూడా వస్తున్నాయి, అవి దేశం మొత్తానికి సంబంధించినవి. జిల్లా పేరు వినగానే సంబరపడకూడదు. జిల్లా నమూనాలో తయారీ రంగంలో ఉన్నవాళ్లు ఎనభై మంది తగిలారనుకుంటే, వాళ్లలో పదిమంది అటో ఇటో అయినా శాతం గట్టిగా ఊగుతుంది. ఆ ఊపు నిజంగా పని పెరగడం వల్ల వచ్చిందా, తలుపు తట్టిన ఇల్లు మారడం వల్ల వచ్చిందా అన్నది ఒక్క ఏడాది అంకెతో తేలదు. నాలుగైదేళ్లు కలిపి చూడాలి.

నాలుగో ఆధారం పీఎఫ్ లెక్క. 2018 ఏప్రిల్ నుంచి ప్రతి నెలా వస్తోంది, అందుకే టీవీల్లో ఎక్కువ వినబడుతుంది. కొత్తగా చేరినవాళ్లు, మానేసి తిరిగి చేరినవాళ్లు, వెళ్లిపోయినవాళ్లు, ఇవి కూడి తీసి ఒక నికర అంకె ఇస్తారు. ఇరవైమంది ఉన్న సంస్థలకు పీఎఫ్ తప్పనిసరి. పద్దెనిమిది మంది ఉన్న షెడ్డు ఇరవైకి చేరగానే, పదేళ్లుగా అక్కడే పనిచేస్తున్న మనిషి కూడా ‘కొత్త సభ్యుడు’గా కనబడతాడు. ఉద్యోగం కొత్తది కాదు, కాగితం కొత్తది. ఆ కాగితం వల్ల కార్మికుడికి మేలే జరుగుతుంది. దాన్ని కొత్త ఉద్యోగం అని లెక్కిస్తేనే తప్పు. పదిమంది ఉన్న చోటికి కూడా వర్తించే, నెలకు 21 వేల జీతం వరకు కప్పే ఈఎస్ఐ లెక్క చిన్న ఫ్యాక్టరీల సంగతి కొంత మెరుగ్గా చెబుతుంది. దాన్ని మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు.

పీఎఫ్ లెక్కలో ఇంకా పెద్ద చిక్కు కాంట్రాక్టు కార్మికుడిది. పైడిభీమవరం వైపు షిఫ్టు మారే వేళ జాతీయ రహదారి పక్కన నిలబడితే కంపెనీ బస్సుల్లోంచి, ఆటోల్లోంచి, బైకుల మీద వందలమంది దిగుతూ ఎక్కుతూ కనబడతారు. ఒకే రంగు యూనిఫాం, ఒకే గేటు, ఒకే రియాక్టర్. అందులో ఒకరి పీఎఫ్ కంపెనీ పేరు మీద ఉంటుంది, పక్కనున్నవాడిది కాంట్రాక్టరు పేరు మీద ఉంటుంది. మనుషులను సరఫరా చేసే కాంట్రాక్టరు సంస్థలు పీఎఫ్ వర్గీకరణలో ‘ఎక్స్‌పర్ట్ సర్వీసెస్’ కిందకు పోతాయి. అంటే మందు బిళ్లకు ముడిసరుకు తయారు చేసే మనిషి కాగితం మీద సేవల రంగంలో ఉన్నట్టు లెక్క. ఫ్యాక్టరీ పర్మనెంటు వాళ్లను తగ్గించి కాంట్రాక్టు వాళ్లను పెంచితే, పీఎఫ్ పట్టికలో తయారీ తగ్గుతుంది, సేవలు పెరుగుతాయి. గేటు లోపల మాత్రం అంతే మంది ఉంటారు.

ఇదేదో అరుదుగా జరిగేది కాదు. 2000 దశకం ఆరంభంలో దేశంలో ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్లు ఐదో వంతు ప్రాంతంలో ఉండేవాళ్లు. ఇప్పుడు 40 శాతం దాటారు. ఈ అంకె వార్షిక పరిశ్రమల సర్వేదే. ఆ సర్వే ఫ్యాక్టరీని అడుగుతుంది కాబట్టి కాంట్రాక్టు మనిషిని ఫ్యాక్టరీ లెక్కలోనే ఉంచుతుంది. అందుకే తయారీ ఉపాధి పోకడ చూడాలంటే ఆలస్యమైనా ఈ సర్వేయే మేలు. నెలనెలా వచ్చే పీఎఫ్ అంకెను గాలి ఎటు వీస్తోందో చూడ్డానికి వాడుకోవచ్చు, అంతవరకే.

దీనికి తోడు చిరునామా గొడవ. విజయనగరం జిల్లాలో యూనిట్ ఉన్న కంపెనీ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉండి, పీఎఫ్ అంతా అక్కడి కోడ్ మీదే కడితే, ఇక్కడి కార్మికుడు తెలంగాణ అంకెలో చేరతాడు. రాష్ట్రాల వారీ పీఎఫ్ జాబితాలో ఆంధ్రప్రదేశ్ ఎక్కడుందని వాదించుకునే ముందు ఈ సంగతి గుర్తుండాలి.

మారిన సరిహద్దులు, మారని మనుషులు

పాత అంకెలు, కొత్త అంకెలు పక్కపక్కన పెట్టి గీత గీసేవాళ్లు ఎక్కువగా బోల్తా పడేది ఇక్కడే. 2014 జూన్ 2కు ముందు ‘ఆంధ్రప్రదేశ్’ అన్న అంకెలో జీడిమెట్ల, పటాన్‌చెరు ఫ్యాక్టరీలు కూడా ఉన్నాయి. ఆ గీతను ఇప్పటి రాష్ట్రంతో కలిపితే పెద్ద గొయ్యి కనబడుతుంది. జిల్లాల సంగతి ఇంకా తాజాది. 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయ్యాయి. పాలకొండ, సాలూరు, పార్వతీపురం వైపు ప్రాంతాలు పార్వతీపురం మన్యం జిల్లా అయ్యాయి. రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు శ్రీకాకుళం నుంచి విజయనగరానికి మారాయి. రాజాం జూట్ మిల్లు కార్మికుడు, సంకిలి చక్కెర ఫ్యాక్టరీ కార్మికుడు ఆ ముందురోజు శ్రీకాకుళం లెక్క, మర్నాడు విజయనగరం లెక్క. వాళ్లు సైకిలు దిగిన గేటు మాత్రం మారలేదు.

దీనికి మందు ఉంది. జిల్లా పేరు వదిలేసి మండలాలను పట్టుకోవాలి. ఉమ్మడి విజయనగరం, ఉమ్మడి శ్రీకాకుళం రెండూ కలిపి ఒక ముక్కగా, అంటే ఇప్పటి శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం మూడూ కలిపి చూస్తే చాలావరకు పాత గీత తెగకుండా వస్తుంది. ఇప్పటికీ జిల్లాల వారీ పట్టికలు అచ్చేసేటప్పుడు ఈ చిన్న జాగ్రత్త తీసుకునేవాళ్లు తక్కువ. ఫలితంగా ఒక జిల్లా ఎదిగినట్టు, పక్క జిల్లా కుంగినట్టు లేనిపోని కథలు పుడుతున్నాయి.

వలసది ఇంకో కథ. ఇంటింటి సర్వేలో ఇంటికి ఆరు నెలలకు పైగా దూరంగా ఉన్న మనిషిని ఆ ఇంటివాడిగా రాయరు. ఏడాదికి నాలుగు నెలలు హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల పనికి వెళ్లొచ్చే ఎచ్చెర్ల మేస్త్రీ శ్రీకాకుళంలో నిర్మాణ కార్మికుడిగా లెక్కకొస్తాడు, అతను కట్టిన గోడ తెలంగాణలో ఉంటుంది. ఎనిమిది నెలలు వెళ్లేవాడు ఇక్కడి లెక్కలోంచి పోతాడు. అక్కడ రేకుల షెడ్డు దాకా సర్వే మనిషి వస్తే అక్కడి లెక్కలో పడతాడు. జిల్లాలో ‘నిర్మాణ ఉపాధి పెరిగింది’ అని సర్వే చెబితే, జిల్లాలో కట్టడాలు పెరిగాయని కాదు. జిల్లా మనుషులు ఎక్కడో కట్టే పనికి ఎక్కువగా వెళ్తున్నారని కూడా కావచ్చు. ఒకే అంకెకు ఇంత ఎదురెదురు అర్థాలున్నప్పుడు సిమెంటు అమ్మకాలు, ఇళ్ల ప్లాన్ల అనుమతులు లాంటివి పక్కన పెట్టుకుని చూడాలి.

ఈ జిల్లాల్లో నిజంగా సాగిన పెద్ద నిర్మాణాలు కూడా ఉన్నాయి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు. రెండింటికీ 2023లో శంకుస్థాపన జరిగింది. విమానాశ్రయం నిర్మాణం చేపట్టిన జీఎంఆర్ సంస్థ 1978లో రాజాంలో జూట్ వ్యాపారంతోనే మొదలైంది. గోనె సంచి నుంచి రన్‌వే దాకా సాగిన ఆ ప్రయాణం ఇక్కడివాళ్లకు గర్వకారణమే. ఉపాధి లెక్కలో మాత్రం కట్టే ఉద్యోగం వేరు, నడిపే ఉద్యోగం వేరు. కట్టడం సాగినన్నాళ్లూ నిర్మాణ గీత పైకి పోతుంది. అయిపోగానే కిందకు దిగుతుంది. ఆ తర్వాత వచ్చే విమానాశ్రయం ఉద్యోగాలు సేవల్లోకి వెళ్తాయి. వస్తువులు తయారు చేసే రంగాల్లో పెరుగుదల రావాలంటే పోర్టు వెనకాల, విమానాశ్రయం చుట్టూ ఫ్యాక్టరీలు రావాలి, గేట్లు తెరుచుకోవాలి. ఒప్పందాల రోజు చెప్పే ‘ఇన్ని వేల ఉద్యోగాలు’ అన్న మాటను ఏ సర్వేతోనూ కలపకూడదు. అది ఆశ. ఉత్పత్తి మొదలయ్యాక జీతాల పట్టిక చూసి చెప్పేదే లెక్క.

పలాసలో ఒక బస్తా వెనక

అంకెలు ఎక్కడ జారిపోతాయో చూడ్డానికి పలాస కంటే మంచి చోటు లేదు. ఎనభై కిలోల పిక్కల బస్తా షెడ్డులోకి వస్తుంది. పిక్కలను ఉడకబెడతారు, ఆరబెడతారు, కోస్తారు. లోపలి పప్పును వేడిలో ఎండబెట్టి, పైనున్న ఎర్రటి పొర తీస్తారు. తర్వాత గుండు, బద్ద, ముక్క వేరు చేసి గ్రేడింగ్ చేస్తారు. పొర తీయడం, గ్రేడింగ్ దాదాపు అంతా ఆడవాళ్ల పని. జీడి జిగురుకు వేళ్లు నల్లబడి, చర్మం ఊడుతుంది. బూడిదో నూనో రాసుకుని చేస్తారు. కూలి కిలో లెక్కన.

ఇప్పుడు ఈ ఒక్క బస్తాకు ఎంతమంది ఉపాధి పొందారని అడిగితే ఏం చెప్పాలి? షెడ్డులో పదిమందికి పైగా ఉండి నమోదైతే పెద్ద సర్వే. తక్కువైతే చిన్న సర్వే. పప్పును ఇంటికి పంపించి పొర తీయిస్తే ఆ ఇల్లాలు ఏ షెడ్డు రిజిస్టరులోనూ ఉండదు. ఇంటింటి సర్వే ఆమెను పట్టుకోవాలి. ‘మీరేం పని చేస్తారమ్మా’ అని అడిగితే చాలామంది ‘ఇంట్లోనేనండి’ అంటారు. అక్కడితో ఆపేస్తే ఆమె ఇంటి పనుల్లో ఉన్న మనిషిగా పడిపోతుంది. ‘పప్పు గానీ తీస్తారా, కిలోకి ఎంతిస్తారు’ అని ఇంకో ప్రశ్న అడిగే సర్వే మనిషి దొరికితే కార్మికురాలు అవుతుంది. ఆడవాళ్ల ఉపాధి శాతం ఒక్కో సర్వేలో ఒక్కోలా ఉండడానికి ఇలాంటి రెండో ప్రశ్న కూడా ఒక కారణం. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని శుభ్రం చేసి, ఇంట్లో రాట్నం మీద నూలు వడికి చిలపల లెక్కన కూలి తీసుకునే ఆమెదీ ఇదే పరిస్థితి. ఆ ఖద్దరు దేశమంతా తెలుసు, ఆ చేతులు మాత్రం పట్టికలో కనబడేది తక్కువ.

పలాసలో మరో సంగతి కూడా తెలుస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానం జీడి తోటలను, కొబ్బరి తోటలను నేలమట్టం చేసింది. జీడి మొక్క నాటి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. షెడ్లు మాత్రం ఆఫ్రికా దేశాల నుంచి తెప్పించిన పిక్కలతో కూడా నడుస్తాయి. అందుకని తోటలో పని పోయినంత వేగంగా ఫ్యాక్టరీలో పని పోలేదు. రెండింటినీ ‘జీడి ఉపాధి’ అని ఒకే మూటలో కట్టేస్తే ఎవరికి దెబ్బ తగిలిందో తెలియకుండా పోతుంది. తోట కూలి వ్యవసాయంలో, షెడ్డు కూలి తయారీలో ఉన్నారు. మరోవైపు పిక్కలు కోసే యంత్రాలు వచ్చాయి. బస్తాలు పెరిగినా బస్తాకు పట్టే పని దినాలు తగ్గితే ఉపాధి పెరగకపోవచ్చు. ఉత్పత్తి సూచీ పైకెళ్లిందని చెప్పి ఉపాధి కూడా పెరిగిందనుకోవడం ఇందుకే సరికాదు.

ఉత్పత్తికి, పనికి దగ్గరి బంధం ఉన్న చోట్లు కూడా ఉన్నాయి. ఫెర్రో ఎల్లాయ్స్ అలాంటిది. టన్ను సిలికో మాంగనీసు తీయాలంటే దాదాపు 4 వేల యూనిట్ల కరెంటు కావాలి. ఫర్నేసు ఆగిందా, నడుస్తోందా అన్నది కరెంటు వాడకంలో ఆ నెలే తెలిసిపోతుంది. ఇక్కడి కరెంటు పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ పరిధిలో హైటెన్షన్ పరిశ్రమల వాడకం బొబ్బిలి, గరివిడి ప్రాంతాల్లో పడిపోతే, ఉపాధి సర్వే వచ్చేదాకా ఆగక్కర్లేదు. ఫర్నేసు ఆగిన మొదటి వారంలోనే లోడింగు, చార్జింగు కాంట్రాక్టు కూలీలు ఇంటిదారి పడతారు. పర్మనెంటు వాళ్ల మీదకు వచ్చేసరికి నెలలు పడుతుంది. అందుకే పర్మనెంటు సంఖ్య చూసి పరిశ్రమ నిలకడగా ఉందనుకుంటే మోసపోతాం.

జూట్ మిల్లుకు అలాంటి ముందస్తు సూచన సంచుల ఆర్డర్లు. 1987 నాటి చట్టం ప్రకారం ఆహార ధాన్యాలను, చక్కెరలో కొంత భాగాన్ని జూట్ సంచుల్లోనే నింపాలి. ప్రభుత్వ కొనుగోళ్లే ఈ మిల్లులకు ఊపిరి. ఒకప్పుడు ఈ జిల్లాల మెట్ట పొలాల్లో గోగు విరివిగా వేసేవాళ్లు. ఆ సాగు తగ్గిపోయాక మిల్లులు బెంగాల్ నార మీదే ఎక్కువగా ఆధారపడాల్సి వచ్చింది. అక్కడ నార ధర ఎగిరితే ఇక్కడ షిఫ్టు తగ్గుతుంది. షిఫ్టు తగ్గితే ముందు పోయేది బదిలీ కార్మికుడి పని. అతను రోజూ గేటు దగ్గరకొచ్చి, ఎవరైనా రాకపోతే లోపలికి వెళ్లేవాడు. అతని పేరు మిల్లులో ఉంటుంది, అతని రోజులు ఉండవు.

చక్కెరది మాత్రం సగం ముగిసిన కథ. ఆమదాలవలస సహకార చక్కెర ఫ్యాక్టరీ మూతపడి రెండు దశాబ్దాలు దాటింది. భీమసింగి ఫ్యాక్టరీ కూడా ఆగిపోయింది.

వీటన్నిటికీ ఒకే రకం కొలబద్ద కావాలంటే అది పని దినమే. ఆ మాట ఈ జిల్లాలకు కొత్త కాదు. ఉపాధి హామీ పథకం మొదటి విడతలో, 2006లోనే, విజయనగరం ఉంది. మరుసటి ఏడాది శ్రీకాకుళం చేరింది. అప్పటినుంచీ చెరువు గట్టు మీద మేటు మస్టరు రాస్తున్నాడు. ఏ ఊరికి ఎన్ని పని దినాలు, అందులో ఆడవాళ్లవి ఎన్ని, ఏ నెలలో ఎన్ని అన్నది ఇంటర్నెట్‌లో ఎవరైనా చూసుకునేలా పెట్టారు. చదువురాని కూలి కూడా ‘నాకు ఈ ఏడు డెబ్భై రోజులు పడ్డాయి’ అని చెప్పగలదు. మట్టి పనికి ఇంత వివరంగా లెక్క ఉంది, మిల్లు పనికి లేదు.

లేకపోవడానికి కారణం సమాచారం దొరక్కపోవడం కాదు. ఫ్యాక్టరీల శాఖకు ప్రతి ఫ్యాక్టరీ ఏటా పంపాల్సిన రిటర్నులో ఎన్ని రోజులు నడిచింది, ఎన్ని పని దినాలు జరిగాయి అన్న గడులు ఎప్పటినుంచో ఉన్నాయి. పర్మనెంటు, కాంట్రాక్టు వేరుగా, ఆడ మగ వేరుగా, ఏ ఒక్క కంపెనీ పేరూ బయటపడకుండా మండలాల వారీగా కూడి ఏటా ఏప్రిల్, మే నెలల్లో ప్రకటిస్తే చాలు. నెల్లిమర్లలో నిరుటికంటే ఎన్ని రోజుల పని తగ్గింది, రణస్థలంలో ఎంత పెరిగింది, పలాసలో పెరిగిన బస్తాలతో పాటు పని పెరిగిందా లేదా, ఇవన్నీ ఆ సీజనులోనే తెలుస్తాయి. లే-ఆఫ్ పరిహారం అడిగే సంఘానికి, ఐటీఐలో ఏ ట్రేడు పెంచాలో చూసే అధికారికి, కొడుకును ఏ పనిలో పెట్టాలా అని ఆలోచించే తండ్రికి ముందుగా పనికొచ్చేది ఆ పట్టికే.